ప్రసూతి ప్రయోజనం: దరఖాస్తు, సెలవు లెక్క

ఉద్యోగం చేసే స్త్రీ ప్రసవానికి ముందూ తర్వాతా పనికి దూరంగా ఉండే రోజులకు ఆమెకు అందవలసిన వేతనాన్ని, ఆ రోజుల్లో ఉద్యోగం పోకుండా ఉండే రక్షణను కలిపి భారతీయ చట్టాల్లో ప్రసూతి ప్రయోజనం అంటారు. ఆఫీసుల్లో అందరూ వాడేది ‘మెటర్నిటీ లీవ్’ అన్న మాటే. చట్టం మాత్రం సెలవును, డబ్బును వేర్వేరు హక్కులుగా చూస్తుంది. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం చెల్లదు. డబ్బు వచ్చే దారులు ప్రధానంగా మూడు: యజమాని నేరుగా ఇవ్వడం, ఈఎస్ఐ కార్పొరేషన్ చెల్లించడం, ప్రభుత్వోద్యోగులకు సర్వీసు నిబంధనల కింద జీతం కొనసాగడం. తాను ఏ దారిలో ఉన్నదీ దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి. ఒక చోట పెట్టాల్సిన కాగితం మరో చోట పెట్టి నెలలు పోగొట్టుకున్న వారు తక్కువేమీ కాదు.

చరిత్ర

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో వాషింగ్టన్‌లో జరిపిన తొలి సమావేశంలోనే ప్రసూతి రక్షణపై ఒప్పందం చేసింది. భారత్ దాన్ని ఆమోదించలేదు. దేశంలో తొలి అడుగు బొంబాయి ప్రెసిడెన్సీది. ఆ చట్టాన్ని కొందరు 1928 నాటిదని, కొందరు 1929 నాటిదని రాస్తారు. శాసనమండలిలో చర్చ జరిగింది 1928లో, చట్టం పేరులో ఉన్నది 1929 కాబట్టి రెండోదే వాడటం మేలు. ఆ బిల్లును బి.ఆర్.అంబేడ్కరే ప్రవేశపెట్టారన్న మాట తెలుగులో తరచుగా కనిపిస్తుంది. 1928 జులై 28న ఆయన దానికి మద్దతుగా ప్రసంగించిన మాట నిజం. యజమానుల భారంలో కొంత ప్రభుత్వమూ మోయాలన్న దిశలో ఆయన వాదన సాగింది. మండలి చర్చల్లో ఆయన కనిపించేది బిల్లు తెచ్చిన సభ్యుడిగా కాక, బలపరిచిన సభ్యుడిగానే. మద్రాసు ప్రెసిడెన్సీ 1934 చట్టం కోస్తా, రాయలసీమ కార్మికులకు వర్తించింది. హైదరాబాద్ రాష్ట్రానికి ఇలాంటి చట్టం 1950ల తొలినాళ్లలో వచ్చినట్టు జాబితాలు చూపుతాయి.

దేశమంతటికీ ఒకే రీతిగా ఉండాలని తెచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 1961 డిసెంబరు 12న లభించింది. అమలు మొదలైంది 1963 నవంబరు 1న. దాని కింద 12 వారాలుగా ఉన్న సెలవును 2017 సవరణ 26 వారాలకు పెంచింది. పెంపు తేదీ కొన్ని పుస్తకాల్లో 2017 జనవరి 20గా, కొన్నిటిలో ఏప్రిల్ 1గా ఉంటుంది. రెండూ సరైనవే. మొదటిది ఈఎస్ఐ నిబంధనలకు, రెండోది 1961 చట్టానికి చెందినవి. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం 2020 సామాజిక భద్రతా స్మృతిలో ఆరో అధ్యాయంగా కలిసిపోయింది. వారాల సంఖ్య, అర్హత దినాలు, నోటీసు పద్ధతి దాదాపు యథాతథంగా కొనసాగాయి. స్పష్టంగా మారినది శిక్ష. ప్రయోజనం ఎగ్గొట్టిన యజమానికి ఇప్పుడు 6 నెలల వరకు జైలు, లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అర్హత, వ్యవధి

ప్రసవం జరగవచ్చని డాక్టరు చెప్పిన తేదీకి ముందరి 12 నెలల్లో అదే యజమాని దగ్గర 80 రోజులు పని చేసి ఉండాలి. వేతనంతో కూడిన సెలవులు, లేఆఫ్ రోజులు ఈ ఎనభైలో కలుస్తాయి. పర్మనెంటా, కాంట్రాక్టా, రోజు కూలీయా అన్న భేదం లేదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసే మహిళల కేసులో 2000 మార్చి 8న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిసినా మిగిలిన వారాల డబ్బు ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో మరో తీర్పు వచ్చింది. ‘నువ్వు కాంట్రాక్టు, నీకు వర్తించదు’ అనే జవాబుకు ఈ రెండు తీర్పుల తర్వాత చట్టంలో చోటు లేదు.

జీవించి ఉన్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువైతే 26 వారాలు. ప్రసవానికి ముందు వాడుకోగలిగినవి ఇందులో గరిష్ఠంగా 8 వారాలు. ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలుంటే 12 వారాలు, ముందు 6. లెక్కకు వచ్చేది పిల్లల సంఖ్యే గాని కాన్పుల సంఖ్య కాదు. అందుకే తొలి కాన్పులో కవలలు పుట్టిన తల్లికి రెండో కాన్పుకు 12 వారాలే మిగులుతాయి. గర్భస్రావమైతే 6 వారాలు. గర్భం వల్లో, నెలలు నిండని కాన్పు వల్లో జబ్బు చేస్తే డాక్టరు ధ్రువపత్రంతో మరో నెల వేతన సెలవు. సరోగసీ ద్వారా బిడ్డను పొందిన తల్లికి 12 వారాలు. దత్తత తల్లికీ 12 వారాలు ఉన్నా, బిడ్డ వయసు 3 నెలల లోపు ఉండాలని 2017 సవరణ షరతు పెట్టింది. మన దేశంలో దత్తతకు అనుమతులు పూర్తయ్యే నాటికి ఆ వయసు దాటని బిడ్డలు అరుదు. ఈ షరతు హక్కును ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టే ఉందన్న విమర్శ బలంగా వచ్చింది.

దరఖాస్తు

చట్టం అడిగేది నోటీసు. అందులో ఉండాల్సినవి మూడే: ఏ తేదీ నుంచి పనికి రానన్నది, ఆ కాలంలో మరెక్కడా పని చేయనన్న హామీ, డబ్బు తనకు ఇవ్వాలో, తాను పేరు రాసిన మరొకరికి ఇవ్వాలో అన్నది. దీనికి గర్భధారణ ధ్రువపత్రం జతచేయాలి. అది అందగానే ప్రసవానికి ముందరి కాలపు వేతనాన్ని యజమాని ముందుగానే చెల్లించాలి. ప్రసవించినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో మిగతా కాలపు సొమ్ము ఇవ్వాలి. నెలనెలా జీతంలా వేయడం చాలా సంస్థల్లో అలవాటైంది. ఉద్యోగినికి అది ఇబ్బంది కాకపోతే సరే గాని, అడిగితే ముందుగా ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. ఆసుపత్రి ఖర్చు ఎదురుగా ఉన్న కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

ముందుగా నోటీసు ఇవ్వలేదు కాబట్టి ప్రయోజనం రాదన్న మాట తప్పు. కాన్పు ముందే జరిగిపోతే తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వవచ్చు. అసలు ఇవ్వకపోయినా అదొక్కటే కారణంగా హక్కు పోదని చట్టం స్పష్టంగా చెప్పింది. అయినా కాగితం రూపంలో గాని, ఈమెయిల్‌లో గాని నోటీసు పంపి, అందినట్టు తేదీతో సంతకమో జవాబో తీసుకోవడం అవసరం. హెచ్‌ఆర్ పోర్టల్‌లో ‘లీవ్ అప్లై’ నొక్కినంత మాత్రాన నోటీసు ఇచ్చినట్టు కాదని వాదించే యజమానులుంటారు. ప్రసవానికి ముందు, తర్వాత వైద్యం యజమాని ఉచితంగా ఏర్పాటు చేయకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ కూడా ఇదే దరఖాస్తులో అడగాలి. అడగనందువల్ల ఎక్కువగా మిగిలిపోయే మొత్తం ఇదే.

సెలవు ఎప్పుడు మొదలుపెట్టాలి

ప్రసవం 2026 అక్టోబరు 15న జరగవచ్చని డాక్టరు చెప్పారనుకుందాం. 8 వారాలు ముందే దిగితే సెలవు ఆగస్టు 20న మొదలై, 182 రోజులు పూర్తయ్యే 2027 ఫిబ్రవరి 17తో ముగుస్తుంది. అప్పటికి బిడ్డకు నాలుగు నెలలు. 3 వారాల ముందు, అంటే సెప్టెంబరు 24న దిగితే మార్చి 24 వరకు ఇంట్లో ఉండవచ్చు, బిడ్డకు ఐదు నెలలు దాటుతాయి. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమని డాక్టర్లు చెబుతారు కాబట్టి చాలామంది రెండో దారి ఎంచుకుంటారు. రక్తపోటు, చక్కెర వంటి చిక్కులున్నవారికి, బస్సుల్లో దూరం తిరిగే వారికి మొదటిదే క్షేమం. ఎంపిక తల్లిది, యజమానిది కాదు. ప్రసవం తర్వాత 6 వారాల పాటు మాత్రం ఆమె తానుగా వస్తానన్నా పని చేయించడం నేరం. ఈ వారాల్లో ఆదివారాలూ పండుగలూ కలిసే ఉంటాయి, వాటికీ వేతనం ఉంటుంది. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్లిన కేసులో 1977లో సుప్రీంకోర్టు వారం అంటే ఏడు రోజులేనని, ఏడింటికీ చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

జీతం లేని సెలవు (ఎల్‌ఓపీ) గురించి ఉద్యోగినుల్లో ఉన్న భయాల్లో ఒకటి ఆధారం లేనిది. వేవిళ్లతో ఐదో నెలలో పది రోజులు ఎల్‌ఓపీ పెడితే ప్రసూతి వేతనం తగ్గిపోతుందని అనుకుంటారు. యజమాని చెల్లించే దారిలో రోజు వేతనాన్ని, సెలవుకు ముందరి మూడు క్యాలెండర్ నెలల్లో పని చేసిన రోజుల సగటుగా కడతారు. రాని రోజులు ఆ సగటును దించవు. ఆ రోజులు దెబ్బతీసేది 80 రోజుల అర్హతను, అదీ కొత్తగా చేరిన వారికి. అందువల్ల కొత్త ఉద్యోగిని ముందు క్యాజువల్, సిక్, ఎర్న్‌డ్ లీవులు వాడుకుని ఎల్‌ఓపీని చివరికి పెట్టుకోవడం తెలివైన పని.

26 వారాల తర్వాత ఇంకా ఇంట్లో ఉండాలంటే, జబ్బు చేసినప్పుడు ఇచ్చే ఆ ఒక్క నెల తప్ప చట్టం తనంతట తానుగా ఇచ్చే సెలవు లేదు. అది సంస్థతో మాట్లాడుకోవాల్సిన విషయం. ఇంటి నుంచి పని చేసే అవకాశం కూడా పని స్వభావాన్ని బట్టి, ఇద్దరి ఒప్పందంతోనే. ఇక్కడ ఎల్‌ఓపీకి నిజమైన ఖర్చు ఉంది. పీఎఫ్ జమ ఆగుతుంది, ఆ రోజులు పింఛను లెక్కలో చందా లేని రోజులుగా నమోదవుతాయి. గ్రాట్యుటీకి 26 వారాల ప్రసూతి సెలవు నిరంతర సేవ కిందే లెక్క. 2018లో ఆ పరిమితిని 12 వారాల నుంచి పెంచారు. ఆ పైన తీసుకున్న జీతం లేని నెలలకు ఈ రక్షణ లేదు. అందుకే ఐదేళ్ల సర్వీసుకు దగ్గరపడిన వారు ముందుగా లెక్క చూసుకోవాలి. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చే వరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం, 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి వచ్చే వీలు ఉండాలి.

ఈఎస్ఐ పరిధిలోని వారు

నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐలో నమోదైన మహిళకు డబ్బు ఇచ్చేది కార్పొరేషన్. అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీల కార్మికుల నుంచి హైదరాబాద్ మాల్స్‌లో సేల్స్ అమ్మాయిల దాకా చాలామంది ఈ దారివారే. గత రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులకు చందా జమ కావాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. అక్టోబరు–మార్చి చందాకు ఫలితం జులై–డిసెంబరులో అందుతుంది. ఇక్కడ జీతం లేని రోజుకు చందా ఉండదు కాబట్టి ఆ రోజు డెబ్బైలో చేరదు. ఫారం 19తో బ్రాంచి ఆఫీసులో గాని, ఆన్‌లైన్‌లో గాని క్లెయిము పెట్టాలి. ఈఎస్ఐ డాక్టరు ధ్రువపత్రం కావాలి. ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పైన వారికి ఆలస్యం ఎక్కువగా ఇక్కడే అవుతుంది. నెలలు నిండకముందే ఈఎస్ఐ డిస్పెన్సరీలో పేరు నమోదు చేయించుకుంటే ఆ చిక్కు సగం తీరుతుంది. ఈఎస్ఐ కొత్తగా వర్తించిన సంస్థలో కార్మికురాలికి అక్కడ అర్హత వచ్చే వరకు బాధ్యత యజమానిదే.

ప్రభుత్వోద్యోగినులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 120 రోజులుగా ఉన్న సెలవును 2010లో 180 రోజులు చేశారు. రెండు రాష్ట్రాలూ దాన్ని కొనసాగించాయి. ఇద్దరు పిల్లల పరిమితిని ఎత్తివేస్తామని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2025 మార్చిలో ప్రకటించారు. ఈ సెలవు లీవ్ అకౌంటు నుంచి తగ్గదు. టీచర్లు వేసవి సెలవుల్లో ప్రసవిస్తే సాధారణంగా ప్రసవ తేదీ నుంచే 180 రోజులు లెక్కిస్తారు. చైల్డ్ కేర్ లీవు ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజుల నుంచి 2022 మార్చిలో 180 రోజులకు పెరిగింది. తెలంగాణలో 2016 ఉత్తర్వు ప్రకారం 90 రోజులు. కేంద్ర ఉద్యోగినులకు 180 రోజుల తర్వాత రెండేళ్ల వరకు ఇతర సెలవులు జోడించుకునే వీలుంది, చైల్డ్ కేర్ లీవు మొత్తం సర్వీసులో 730 రోజులు. ప్రసవంలో గాని, పుట్టిన వెంటనే గాని బిడ్డ చనిపోతే 60 రోజుల ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2022 సెప్టెంబరులో కేంద్రం ఆదేశించింది. రాష్ట్రాలూ దీన్ని యథాతథంగా తీసుకుంటే మేలు.

నిరాకరణ, ఫిర్యాదు

సెలవులో ఉన్న మహిళను తొలగించడం, ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చడం చెల్లవు. తొలగించిన 60 రోజుల్లో అప్పీలు చేయాలి. రాజీనామా రాయించుకోవడం తొలగింపుకు ముసుగు అయినప్పుడు, ముందుగా ఇచ్చిన నోటీసు, ఈమెయిళ్లే ఆమెకు అండ. ఫిర్యాదు కార్మిక శాఖ అధికారికి సాదా కాగితం మీద రాసినా చాలు, లాయరు తప్పనిసరి కాదు. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని 2025 మేలో తమిళనాడు ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

జీతం చిట్టా లేని వారు

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మహిళలకూ ప్రసూతి చట్టం వర్తిస్తుందని 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1966 బీడీ, చుట్ట కార్మికుల చట్టమే కొన్ని మార్పులతో చెప్పింది. కార్ఖానా రిజిస్టరులో పేరు, ఆకు–తంబాకు ఇచ్చి బీడీలు తీసుకున్న లెక్క రాసిన పాసుబుక్కు ఉంటేనే అది రుజువవుతుంది. వ్యవసాయ కూలీ, ఇళ్లలో పనిచేసే మనిషి, పూల దండలు అమ్మే తల్లి ఈ పరిధి బయటే ఉన్నారు. వారికి ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి కాన్పుకు రెండు విడతల్లో 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000. దరఖాస్తు అంగన్‌వాడీ ద్వారా, మాతా శిశు సంరక్షణ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతాతో. తెలంగాణ 2017 జూన్‌లో మొదలుపెట్టిన కిట్ పథకం ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు 12,000, ఆడబిడ్డయితే 13,000 అని ప్రకటించింది. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని రాసింది. చట్టంలో ఆ అంకె అప్పటి నుంచి పెరగలేదు.