జగన్నాథ నామం – ఆంగ్లంలో దాని వికృతి

ఆంగ్ల పత్రికలలో 'జగర్‌నాట్' అనే పదం తరచుగా కనబడుతుంది. వరుస విజయాలతో సాగే రాజకీయ పక్షానికీ, ఓటమి ఎరుగని క్రీడాజట్టుకూ, చిన్న వర్తకులను కబళించే మహాసంస్థకూ ఆ పేరు పెడతారు. బ్రిటన్‌లో భారీ లారీని కూడా అలాగే పిలుస్తారు. అడ్డువచ్చిన సమస్తాన్ని నలిపివేస్తూ సాగే దుర్నివారశక్తి అని నిఘంటువులు దానికి అర్థం చెబుతాయి. ఈ పదం వేరేదో కాదు. పురుషోత్తమక్షేత్రమైన పూరీలో వెలసిన జగన్నాథస్వామి నామమే.

'జగత్' శబ్దానికి మూలం గమ్ ధాతువు. చలించేది జగత్తు, దానికి నాథుడు జగన్నాథుడు. ఇది షష్ఠీతత్పురుష సమాసం. అనునాసికం పరమైనందున తకారం నకారమైంది. నాథశబ్దంలో ప్రభుత్వంతోపాటు రక్షకత్వం కూడా ఇమిడి ఉంది. రక్షకుడు లేనివానిని 'అనాథ' అనడం అందుకే. రక్షణను సూచించే నామం వినాశానికి పర్యాయపదం కావడం భాషాశాస్త్రంలో అర్థగ్రామ్యత అనే పరిణామానికి ఉదాహరణ. అయితే ఈ పరిణామం తనంత తానుగా జరిగినది కాదు.

14వ శతాబ్దంలో భారతదేశాన్ని దర్శించిన ఒడోరిక్ అనే క్రైస్తవ సన్యాసి, భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు విడుస్తారని వ్రాశాడు. మాండవిల్ పేరిట వెలువడిన యాత్రాగ్రంథం ఆ కథను ఐరోపా అంతటా వ్యాపింపజేసింది. 1633లో పూరీకి వచ్చిన విలియం బ్రూటన్ వృత్తాంతం 1638లో లండన్‌లో అచ్చయింది. 1803లో ఈస్టిండియా కంపెనీ పూరీని స్వాధీనం చేసుకొన్నది. 1806లో రథయాత్రను చూసిన మతగురువు క్లాడియస్ బుకానన్, స్వామిని నరబలులు కోరే మొలోక్ దేవతతో పోల్చాడు. 1811లో వెలువడిన ఆయన గ్రంథం ఇంగ్లండ్‌లో విశేష ప్రచారం పొందింది. భారతదేశంలో మిషనరీలకు ప్రవేశం కల్పించాలనే వాదానికి అది బలం చేకూర్చింది. 1813 చార్టర్ చట్టం ఆ ప్రవేశాన్ని కల్పించింది. ఇదే కాలంలో, 1806 నుండి 1840 వరకు, కంపెనీ పూరీ యాత్రికుల నుండి పన్ను వసూలు చేసింది.

ఆ వర్ణనలలో సత్యమెంత? కంపెనీ అధికారి ఆండ్రూ స్టిర్లింగ్ నాలుగేళ్లపాటు రథయాత్రను స్వయంగా చూసి, 1825లో ప్రచురితమైన తన నివేదికలో మూడు మరణాలనే పేర్కొన్నాడు. వాటిలో ఒకటి ప్రమాదం కావచ్చునన్నాడు. తక్కిన ఇద్దరూ దుర్భర వ్యాధులతో చిరకాలం బాధపడినవారు. 1872లో విలియం హంటర్ కూడా ఆత్మబలి వైష్ణవారాధనకు విరుద్ధమని వాదించాడు. మరణాలు అసలే లేవనడం సత్యం కాదు. అవి ఆరాధనావిధి అనడం అంతకంటె పెద్ద అసత్యం. కాని ఖండనకంటె కథ వేగంగా పయనించింది. 1847 నాటి 'జేన్ అయిర్' నవలలో ఈ నామం అన్యమత విగ్రహానికి గుర్తుగా కనబడుతుంది. 1886లో స్టీవెన్సన్ రచించిన జెకిల్–హైడ్ కథలో, బాలికను తొక్కి సాగిపోయే క్రూరునికి అదే ఉపమానమైంది. అప్పటికి దైవం మరుగున పడి చక్రం మాత్రమే మిగిలింది.

యథార్థ రథయాత్ర ఈ అర్థానికి పూర్తిగా విపరీతం. ఆషాఢ శుక్ల విదియనాడు స్వామి గర్భాలయం విడిచి, ఆలయప్రవేశం లేనివారికి సైతం దర్శనమివ్వడానికి రాజవీథికి వస్తాడు. గజపతి మహారాజు బంగారు చీపురుతో రథాన్ని ఊడుస్తాడు. పదహారు చక్రాల నందిఘోషం తనంత తాను కదలదు. వేలాది చేతులు తాళ్లు పట్టి లాగితేనే కదులుతుంది. అది ఆగడం కూడా తెలిసిన రథం. ముస్లిం కుటుంబంలో జన్మించిన భక్తకవి సాలబేగ్ దూరదేశం నుండి వచ్చి చేరేవరకు రథం నిలిచిపోయిందని ఒడిశా సంప్రదాయం చెబుతుంది. నేటికీ ఆయన సమాధి వద్ద రథం కొంతసేపు ఆగుతుంది. ఆంగ్లపదం 'దుర్నివారం' అంటున్న రథం ఇక్కడ ఒక భక్తునికోసం వేచి ఉంటుంది.

ఈ భేదాన్ని తెలుగు సాహిత్యం భద్రంగా నిలుపుకొన్నది. 1950లో గ్రంథరూపం దాల్చిన 'మహాప్రస్థానం'లో శ్రీశ్రీ జగన్నాథుని రథచక్రాలను ఆవాహన చేశాడు. ఆయన ఆస్తికకవి కాడు. అయినా ఆ కవితలో చక్రాలు పతితులకూ పీడితులకూ ఊరట కలిగించడానికి వస్తాయి. ఆ వేగంలో భూకంపం ఉంది, కాని అది దీనుల పక్షాన ఉంది. నాథశబ్దంలోని రక్షకత్వం ఆయన కవితలో చెక్కుచెదరలేదు.

కనుక 'జగర్‌నాట్'ను తెలుగులోకి తెచ్చేవారు 'జగన్నాథరథం' అని యథాతథంగా వ్రాయడం తగదు. 'దుర్నివారశక్తి', 'అణచివేసే బలం' అంటే భావం సంపూర్ణంగా వస్తుంది. పరభాషలో రెండు శతాబ్దాలుగా నిలిచిన అర్థాన్ని తుడిచివేయడం ఎవరి వశమూ కాదు. దానిని తిరిగి స్వామి నామానికే అంటగట్టకపోవడం మాత్రం తెలుగు వ్రాసేవారి చేతిలోనే ఉన్నది.