పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో ఇంధన ఇంజెక్షన్ ట్యూనింగ్

అమెరికాలో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్లకు 1975 మోడల్ నుంచి కార్బ్యురేటర్లు పోయి, బాష్ కంపెనీ తయారుచేసిన ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. వెనకవైపు ఉండే, గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజను మాత్రం మారలేదు. దాన్ని ట్యూన్ చేసే పద్ధతి పూర్తిగా మారిపోయింది. అంతకుముందు జంట సోలెక్స్ కార్బ్యురేటర్లు రెండూ సమానంగా గాలి పీల్చేలా స్క్రూలు తిప్పుతూ, ఇంజను చప్పుడు వింటూ పని పూర్తిచేసేవారు. ఇంజెక్షన్ వచ్చాక చెవికన్నా కొలతకు విలువ పెరిగింది.

పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మించే తొలి ప్రయత్నాల్లో ఒకటి అమెరికాలో జరిగింది. బెండిక్స్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రోజెక్టర్‌ను 1958లో క్రైస్లర్ కొద్ది కార్లలో అమర్చింది. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు రోడ్డు మీది వేడికి, అదురుకు తట్టుకోలేదు. ఆ కార్లలో చాలావాటికి తిరిగి కార్బ్యురేటర్లే బిగించారు. బెండిక్స్ పేటెంట్ల ఆధారంగా బాష్ అభివృద్ధి చేసిన డి-జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో వచ్చింది. 'డి' అంటే జర్మన్‌లో ద్రుక్, ఒత్తిడి. ఇంజనుకు గాలి చేరవేసే మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి అది ఇంధనాన్ని లెక్కగట్టేది. తర్వాత వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో 'ఎల్' అంటే లుఫ్ట్, గాలి. ఇది ఇంజనులోకి వెళ్లే గాలినే నేరుగా కొలుస్తుంది. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద పెట్టిన కఠిన పరిమితుల వల్లే ఈ వ్యవస్థ సాదాసీదా వ్యాన్ల దాకా చేరింది.

పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. గాలి వచ్చే దారిలో ఒక రేకు తలుపు ఉంటుంది. గాలి తోసినకొద్దీ స్ప్రింగుకు ఎదురుగా అది తెరుచుకుంటుంది. దాని ఇరుసుకు బిగించిన ముల్లు కార్బన్ పట్టీ మీద జరుగుతూ కంట్రోల్ యూనిట్‌కు వోల్టేజి పంపుతుంది. ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఇంజను వేగం తెలుస్తుంది. ఈ రెంటినీ బట్టి ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉండాలో యూనిట్ నిర్ణయిస్తుంది. నాలుగు ఇంజెక్టర్లూ ఒక్కసారే, క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి చిమ్ముతాయి. మానిఫోల్డ్‌తో పోలిస్తే ఇంధనపు ఒత్తిడి ఎప్పుడూ దాదాపు 2.5 బార్ ఎక్కువగా ఉండాలి.

ట్యూనింగ్‌లో ముందు చూడాల్సింది ఇంజెక్షన్ కానే కాదు. వాల్వ్ క్లియరెన్సులు, పాయింట్ల గ్యాప్, టైమింగ్ సరిచేయకుండా మిక్చర్ ముట్టుకుంటే ఆ శ్రమంతా వృథా. తర్వాత గాలి లీకులు వెతకాలి. తలుపు దాటాక లోపలికి దూరే గాలి లెక్కలోకి రాదు కాబట్టి, మిక్చర్ పలచబడి ఐడ్లింగ్ నిలవదు. పగిలిన రబ్బరు బెల్లోస్, ఎండిపోయిన ఇంజెక్టర్ సీళ్లే కాదు, ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ సీలు సరిగా బిగియకపోయినా ఇదే బాధ. కార్బ్యురేటర్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు సైతం ఈ ఆయిల్ మూత దగ్గరే బోల్తాపడ్డారు.

ఇంజను వేడిని చూసే సెన్సర్‌ది మరో చిక్కు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం దాదాపు 2,500 ఓములు; వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. దాని వైరు తెగితే, ఇంజను గడ్డకట్టే చలిలో ఉందనుకుని యూనిట్ పెట్రోలు కుమ్మరిస్తుంది. నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి. వైరు తెగినందుకు ఇంజెక్టర్లన్నీ మార్పించి డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు. మల్టీమీటరుతో ముందే తేల్చుకోవచ్చు.

రేకు తలుపు ఉండే గాలి మీటరును చిట్టచివరనే ముట్టుకోవాలి. దాని బైపాస్ స్క్రూ ఐడ్లింగ్ మిక్చర్‌కే పనికొస్తుంది. పైమూత ఊడదీసి స్ప్రింగు చక్రాన్ని పళ్ల లెక్కన తిప్పితే మొత్తం మిక్చర్ మారుతుంది: స్ప్రింగు బిగిస్తే పలచన, వదులుచేస్తే చిక్కన. పాత చోటు గుర్తుపెట్టుకోకుండా తిప్పినవాళ్ల వల్ల పాడైన మీటర్లు, అరిగిపోయి పాడైనవాటికన్నా తక్కువేం ఉండవని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. నిలకడ వేగంలో ముల్లు ఎక్కువకాలం ఒకేచోట రాసుకోవడంతో కార్బన్ పట్టీ అక్కడే అరిగి, వ్యాను కుదుపులిస్తుంది. పట్టీ ఉన్న పలకను కాస్త జరిపి, ముల్లు కొత్త దారిలో నడిచేలా చేయడం దీనికి వాడుకలో ఉన్న మరమ్మత్తు.

1976లో ఇంజను 2 లీటర్లకు పెరిగింది. తర్వాతి తరం వ్యాను, అమెరికాలో వానగన్ పేరుతో అమ్మినది, పెట్రోలు మోడళ్లలో 1983 దాకా గాలితో చల్లబడే ఇంజనునే వాడింది. ఆ తర్వాత వచ్చిన నీటితో చల్లబడే 1.9 లీటర్ల ఇంజనుకు డిజిజెట్, 2.1 లీటర్లదానికి డిజిఫాంట్ అనే ఇంజెక్షన్ వ్యవస్థలు వచ్చాయి. డిజిఫాంట్‌లో ఇగ్నిషన్, ఇంజెక్షన్ ఒకే యూనిట్ కిందికి చేరాయి. రేకు తలుపు మీటరు మాత్రం పోలేదు.

ఏ కొలతకైనా ముందు పాత ఇంధనపు రబ్బరు గొట్టాలు మార్చడం తప్పనిసరి. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు వేడి ఇంజను మీద కారితే వ్యాను తగలబడుతుంది. స్కానర్ తగిలించి లోపాలు చదివే ఓబీడీ-2 వ్యవస్థ అమెరికాలో కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 1996లో. వానగన్ అమ్మకాలు అక్కడ 1991 మోడల్‌తోనే ముగిశాయి. అందుకే ఈ వ్యాన్లకు స్కానర్ తగిలించే చోటు లేదు. మల్టీమీటరు, ప్రెజర్ గేజ్, టైమింగ్ లైటుతోనే ఇప్పటికీ వీటిని ట్యూన్ చేస్తారు.