విసునూరు దేశ్‌ముఖ్: పట్టా, వెట్టి, గడీ – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
తెలంగాణ సాయుధ రైతాంగ పోరాట చరిత్రలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక వెంకట రామచంద్రారెడ్డి పేరు క్రౌర్యానికి పర్యాయపదంగా నిలిచింది. అయితే ఆ జీవితాన్ని ఒక వ్యక్తి స్వభావానికే పరిమితం చేస్తే, ఆ అధికారం ఎక్కడిదన్న ప్రశ్న మరుగున పడుతుంది. నేటి జనగామ జిల్లాలోని విసునూరు కేంద్రంగా ఆయనకు సుమారు 60 గ్రామాలపై పెత్తనం, 40,000 ఎకరాల భూమి ఉండేవని పోరాట చరిత్రకారులు పేర్కొన్నారు. ఇంత భూమి ఒక కుటుంబానికి ఎలా దక్కింది? దాన్ని నిలబెట్టినదేమిటి? ఈ రెండు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వసూలుదారు నుంచి భూస్వామి:
దేశ్‌ముఖ్‌లు మొదట సర్కారు తరఫున శిస్తు వసూలు చేసే వంశపారంపర్య అధికారులు. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ విధానాన్ని ప్రవేశపెట్టి, ఆ బాధ్యతను జీతం తీసుకునే ఉద్యోగులకు అప్పగించాడు. దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా రుసుం అనే భృతి ఏర్పాటైంది. 1875 తర్వాత భూముల సర్వే, సెటిల్‌మెంటు సాగినప్పుడు, గ్రామ లెక్కలపై పట్టున్న ఈ కుటుంబాలు విస్తారమైన భూములను తమ పేరిట పట్టా చేయించుకున్నాయి. తరతరాలుగా దున్నుతున్న రైతులు అనేకచోట్ల కౌలుదార్లుగా మారారు.

భూమి – శ్రమ:
భూమి ఎంత ఉన్నా పనిచేసే చేతులు లేకపోతే ఫలితం లేదు. ఈ సమస్యను అదే శతాబ్దంలో ఇంగ్లండులో ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ మరో రూపంలో చర్చించాడు. వలస ప్రాంతాల్లో భూమికి తగినంత ధర నిర్ణయిస్తే, కొత్తగా వచ్చిన కూలీ వెంటనే భూమి కొనలేక పెట్టుబడిదారు వద్ద కొన్నేళ్లు పనిచేస్తాడని ఆయన వాదం. దక్షిణ ఆస్ట్రేలియా వలసకు సంబంధించిన 1834 నాటి చట్టంపై ఈ ఆలోచన ప్రభావం ఉంది. ఆ నేల అక్కడి ఆదివాసులదన్న సంగతిని ఆ లెక్క పట్టించుకోలేదు. అక్కడ భూమి ధర చేసిన పనిని జనగామ ప్రాంతంలో వెట్టి చేసింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన కులాలవారు గడీకి కూలి లేకుండా చాకిరీ చేయవలసి వచ్చేది.

కాగితం – కర్ర:
కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగి తన భూమి కోసం న్యాయస్థానంలో పోరాడి గెలిచాడు. ఆ గెలుపు అతని ప్రాణాన్ని కాపాడలేదు. దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని హత్య చేశారు. 1947 నాటి ‘మా భూమి’ నాటకానికి ఈ ఘటనే ప్రేరణ. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు సాగుచేసిన పంటను గడీ కాజేయబోయినప్పుడు, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి పంటను ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఒంటరి రైతు గెలిచిన తీర్పు అమలు కాలేదు. సంఘటిత గ్రామం నిలిచినచోట గడీ వెనక్కి తగ్గింది.

ముగింపు:
1949లో జాగీర్లు రద్దయ్యాయి. కానీ దేశ్‌ముఖ్‌ల బలం ప్రధానంగా దివానీ ప్రాంతపు పట్టాల్లో ఉంది. అందువల్లే రక్షిత కౌలుదారు హక్కును గుర్తించిన 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. సెటిల్‌మెంటు దస్తావేజులో నమోదు కాని సాగుదారు పేరు, పోరాటం తర్వాతే చట్టంలోకి ఎక్కింది. విసునూరు దేశ్‌ముఖ్ జీవితాన్ని అధ్యయనం చేసేవారు గడీతోపాటు ఆ దస్తావేజును కూడా చదవవలసి ఉంటుంది.