రూమీ మస్తగీ పుట్టిన దీవి

హైదరాబాదులోని పాతకాలపు యునానీ దుకాణాలలో ‘రూమీ మస్తగీ’ అనే లేత పసుపు పలుకులు దొరుకుతాయి. జీర్ణశక్తికి వాడే ‘జవారిష్ మస్తగీ’ లేహ్యంలో ప్రధాన ద్రవ్యం ఇదే. ఇది ఒక చెట్టు బంక. మన తుమ్మబంక నీటిలో కరుగుతుంది; ఇది కరగదు, నమిలితే మెత్తబడుతుంది. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడుల కుటుంబానికి చెందినదే. మధ్యధరా తీరమంతటా పెరిగినా, వర్తకానికి వచ్చే బంక ప్రధానంగా గ్రీసు దేశపు కియోస్ దీవి దక్షిణ భాగం నుంచే వస్తుంది.

వేసవిలో అక్కడి రైతులు చెట్టు కింది నేలను ఊడ్చి, చదును చేసి, తెల్లని సుద్దమట్టి చల్లుతారు. తరువాత బెరడుకు సన్నని గాట్లు పెడతారు. కారిన బొట్లు ఆ మట్టి మీద గట్టిపడేందుకు రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే వాటిని ‘కియోస్ కన్నీళ్లు’ అంటారు. ఏరిన పలుకులను చలికాలమంతా ఇళ్లలో కూర్చుని ఒక్కొక్కటిగా శుభ్రం చేస్తారు. 2014లో యునెస్కో ఈ సాగు పరిజ్ఞానాన్ని అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ కన్నీళ్లలో మనుషులవీ ఉన్నాయి. 1346లో దీవిని గెలుచుకున్న జెనోవా వర్తకులు ఈ బంకను తమ గుత్తసొత్తుగా చేసుకున్నారు. దొంగిలించినవారికి క్రూరమైన శిక్షలు ఉండేవి. నేటికీ మెస్తా గ్రామానికి వెళ్తే, అంచు ఇళ్ల వెనుక గోడలు కలిసిపోయి ఊరికి కోటగోడగా నిలవడం కనబడుతుంది. అది సముద్రపు దొంగల నుంచి ప్రజలను కాపాడింది. బంకను కూడా కాపాడింది. ఏది ముఖ్యమనుకుని కట్టారో చెప్పడం కష్టం.

1566లో దీవి ఒట్టోమాన్ తురుష్కుల వశమైంది. మస్తకీ సుల్తాను అంతఃపురానికి ప్రీతిపాత్రమైనందున ఆ గ్రామాలకు కొన్ని ప్రత్యేక హక్కులు దక్కాయి. 1822లో గ్రీకు తిరుగుబాటు కారణంగా కియోస్‌లో వేలాదిమందిని నరికివేసి, మరెందరినో బానిసలుగా అమ్మినప్పుడు, మొదట ఈ గ్రామాలను విడిచిపెట్టారు. కాని జూన్ నెలలో గ్రీకు నావికుడు కనారిస్ తురుష్క నౌకాధిపతి ఓడను పేల్చివేయడంతో ఆ ఆగ్రహం వీటి మీదా విరుచుకుపడింది. బంక ఇచ్చిన అభయం రెండు నెలలు మాత్రమే నిలిచింది. ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా 1824లో చిత్రించినది ఆ మారణకాండనే.

ఇక వైద్యుడిగా ఒక మాట. కడుపు పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ క్రిమిని మస్తకీ ప్రయోగశాలలో చంపిందని 1998లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. తరువాత మనుషుల మీద జరిగిన చిన్న పరీక్షలలో ఫలితాలు ఏకరీతిగా లేవు. ఐరోపా ఔషధ సంస్థ దీనిని స్వల్ప అజీర్తికి సంప్రదాయ ఔషధంగా అంగీకరించింది; అది దీర్ఘకాల వాడుకను బట్టే గాని, పరీక్షలలో రుజువై కాదు. కాబట్టి కడుపు పుండు ఉన్నవారు డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌లను దీనికోసం మానరాదు.

అక్కడికి వెళ్లినవారికి చల్లని నీటి గ్లాసులో చెంచాతో ముంచి తెల్లని మస్తకీ మిఠాయి ఇస్తారు. సువాసన అపూర్వం. మధుమేహమున్నవారు మాత్రం, అది దాదాపు చక్కెర ముద్దేనని తెలిసి రుచి చూడాలి.