గోదావరి డెల్టాలో మౌంటెన్ బైకు

మౌంటెన్ బైకు అనగా కొండదారులు, రాళ్ళబాటలు, బురదనేలల వంటి చదును లేని చోట్ల తొక్కడానికి తయారుచేసిన సైకిలు. వాడుకలో దీనిని గేర్ల సైకిలు అంటారు. ఒక మోడలు పేరు మీదుగా రేంజరు సైకిలు అనే మాట కూడా చాలా ఊళ్ళలో స్థిరపడింది. గోదావరి డెల్టా దాదాపు సమతలం. డెల్టాకు తలవాకిలి వంటి రాజమహేంద్రవరం కూడా సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తులోనే ఉంది. కొండలు లేని ఇటువంటి నేలపై ఈ సైకిలు దేనికి పనికివస్తుంది, కొత్తగా కొన్నదానిని ఎక్కడ, ఎలా పరీక్షించుకోవాలి అనేవి ఈ వ్యాసంలోని ముఖ్యాంశాలు.

పుట్టుక

ఈ సైకిలు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మెరిన్ కౌంటీలో రూపుదిద్దుకొంది. 1970లలో అక్కడి యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను కొండపైకి చేర్చి, మట్టిదారిలో కిందికి పందెం వేసుకొనేవారు. ఆ సైకిళ్ళకు పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి హబ్బు కాగిపోయి, లోపలి గ్రీజు మాడిపోయేది. హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసి రావడం వల్లనే 1976లో మొదలైన ఆ పందేనికి రీప్యాక్ అనే పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలసి ఇటువంటి సైకిళ్ళ వ్యాపారం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మోడలును పెద్దయెత్తున తయారుచేసింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకు పోటీలకు తొలిసారి స్థానం లభించింది.

నిర్మాణం

మన ఊళ్ళలోని నల్ల సైకిలుకు 28 అంగుళాల చక్రం, సుమారు ఒకటిన్నర అంగుళం టైరు ఉంటాయి. మౌంటెన్ బైకు చక్రాలు 26, 27.5, 29 అంగుళాల కొలతల్లో వస్తాయి. టైరు వెడల్పు రెండు అంగుళాలకు అటూ ఇటూగా ఉండి, నేలను పట్టుకొనే బొడిపెలు కలిగి ఉంటుంది. తిన్నని హ్యాండిలు, స్ప్రింగు లేదా గాలితో పనిచేసే ముందు ఫోర్కు, డిస్కు బ్రేకులు, గేర్లు దీని ఇతర లక్షణాలు. అయితే చూడడానికి ఇలా ఉన్న ప్రతి సైకిలూ కొండలకు తగినది కాదు. తక్కువ ధర సైకిళ్ళలో ఫోర్కు బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు. అదే సొమ్ములో స్ప్రింగు లేని గట్టి ఫోర్కు, మంచి బ్రేకులు ఉన్న సైకిలు దొరికితే డెల్టా వాసికి అదే మేలు.

డెల్టాలోని బాటలు

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో కాలువలు విస్తరించాయి. ఒకప్పుడు ఈ కాలువ గట్ల మీద నడుస్తూ తాళ్ళతో పడవలను లాగేవారు. వరదను ఆపడానికి నది వెంబడి వేసిన ఏటిగట్లు, పొలాల మధ్య బండ్లు తిరిగే పుంతలు, నదీగర్భంలోని లంకల్లో ఇసుక దారులు ఇక్కడి సహజమైన సైకిలు బాటలు. గట్లు చాలా చోట్ల తారురోడ్లయ్యాయి. పుంతలు మాత్రం ఎక్కువగా మట్టివే.

వానాకాలంలో పుంతలోని నల్లమట్టి టైరుకు ముద్దలుగా అంటుకొని, ఫోర్కుకూ చక్రానికీ మధ్య బిగుసుకొని, చివరికి చక్రాన్నే ఆపేస్తుంది. కొత్త సైకిలును మొదటిసారి తీసుకువెళ్ళడానికి అది తగిన సమయం కాదు. వేసవిలో కాలువలకు నీరు ఆపినప్పుడు బాట ఎండి గట్టిపడుతుంది. కాని అదే రోజుల్లో దాళ్వా ధాన్యాన్ని గట్ల మీద ఆరబోస్తారు. గింజల మీద చక్రం జారుతుంది. పైగా అది రైతు కష్టార్జితం. అటువంటి చోట దిగి, పక్కగా నడిపించుకుపోవాలి. గట్టుకు పిట్టగోడ ఉండదు కనుక, కాలువలో నీరు నిండుగా ఉన్న రోజుల్లో బ్రేకు పరీక్షలను గట్టు మీద చేయరాదు.

డెల్టాలో గేర్లు ఎత్తుకన్నా గాలికే ఎక్కువ ఉపయోగపడతాయి. సాయంకాలం పైరగాలికి ఎదురుగా దక్షిణ దిశకు తొక్కేవారికి, ఎత్తు ఎక్కడానికి ఉద్దేశించిన తేలిక గేరు విలువ తెలిసివస్తుంది.

కొత్త సైకిలును పరీక్షించడం

పెట్టెలో విడిభాగాలుగా వచ్చిన సైకిలును హడావిడిగా బిగించినప్పుడు ముందు ఫోర్కు వెనుకకు తిరిగి ఉండే అవకాశం ఉంది. డిస్కు బ్రేకు పట్టు ఎడమవైపు, ఫోర్కు కాలు వెనుక ఉందో లేదో చూస్తే ఇది తెలిసిపోతుంది. ఎడమ పెడలు మరలు ఎదురు దిశలో తిరుగుతాయి. బలవంతంగా తప్పుగా ఎక్కిస్తే అల్యూమినియం క్రాంకు మరలు అరిగి, క్రాంకునే మార్చవలసి వస్తుంది. ఏ మీట నొక్కితే ఏ చక్రం ఆగుతుందో సైకిలు ఎక్కకముందే చూసుకోవాలి.

కొత్త డిస్కు బ్రేకు మొదట్లో పూర్తిగా పట్టదు. జనసంచారం లేని చదునైన స్థలంలో ఓ మోస్తరు వేగం అందుకొని, చక్రం బిగుసుకుపోకుండా క్రమంగా నడక వేగానికి తగ్గించాలి. ఇలా ఇరవై, ముప్పై సార్లు చేస్తే బ్రేకు కట్టల పదార్థం డిస్కుపై పలుచగా పరుచుకొని పట్టు పెరుగుతుంది. ఇది చేయకుండా ఘాటు దిగడం ప్రమాదకరం. డిస్కుకు చైను నూనె తగలరాదు. జిడ్డు చేతితో ముట్టుకోవడం కూడా మంచిది కాదు.

గాలి విషయంలో టైరు పక్కన ముద్రించిన హద్దులే ప్రమాణం. రాయిలా గట్టిగా ఉండాలని పై హద్దు వరకు కొట్టించడం తారురోడ్డుకు సరే. పుంతలో అలా చేస్తే గతుకు గతుకుకూ చక్రం ఎగురుతుంది; లంక ఇసుకలో కూరుకుపోతుంది. అక్కడ కింది హద్దుకు దగ్గరగా ఉంచాలి. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరవుతుంది.

మొదటి కొన్ని సవారీలలో కేబుళ్ళు సర్దుకొని గేర్లు తప్పుతాయి. స్పోకులు వదులై రిమ్ము వంకరపోవచ్చు. ఇవి లోపాలు కావు. మెకానిక్కు చేత ఒకసారి బిగింపు, రిమ్ము వంకర తీయించడం సరిపోతుంది. క్రాంకు వదులైనట్లు కిటకిట చప్పుడు వస్తే మాత్రం వెంటనే తొక్కడం ఆపాలి. అంతర్వేది వంటి సముద్రతీరాలకు వెళ్ళివచ్చినప్పుడు ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, చైనుకు నూనె వేయాలి. నీటిని పైపుతో హబ్బులలోకి కొట్టరాదు.

మన్యం వైపు

నిజమైన ఎత్తుపల్లాలు కావలసినవారు రాజమహేంద్రవరానికి ఉత్తరాన కోరుకొండ దాటి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వెళ్ళాలి. ఇవి 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. నల్లమట్టి స్థానంలో ఇక్కడ ఎర్రమట్టి, గులకరాళ్ళు ఎదురవుతాయి. మారేడుమిల్లి - చింతూరు ఘాటు తారురోడ్డే అయినా మలుపులు ఎక్కువ. దిగేటప్పుడు బ్రేకును ఆగకుండా నొక్కిపట్టక, గట్టిగా నొక్కి వదులుతూ చల్లారనివ్వాలి. బరువు వెనుకకు జరిపి, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడినందున, ఆ పరిధిలో అడవి బాటలపైకి సైకిలు తీసుకువెళ్ళేముందు అటవీశాఖ అనుమతి పొందాలి.