మట్టికోట నుంచి మొదలుపెట్టండి

మా ఇంటికి సెలవుల్లో చుట్టాలు పిల్లలతో దిగితే అందరి నోటా ఒకటే మాట, వేయి స్తంభాల గుడి. నేను ముందు ఖిలా వరంగల్‌కు తీసుకుపోతా. అదీ తోరణాల దగ్గరికి కాదు, మట్టికోట దగ్గరికి. గడ్డీ పొదలూ మొలిచిన పొడుగాటి దిబ్బను చూసి చెరువుకట్ట అనుకుంటారు. కాకతీయుల రాజధానికి అది బయటి గోడ. దాని చుట్టూ అగడ్త, లోపల రాతికోట, దాని చుట్టూ మరో అగడ్త.

రాతికోటను గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తిచేసింది. బురుజులు 45. దర్వాజాలోంచి తిన్నగా పోలేం, దారి మెలిక తిరుగుతుంది. ఏనుగు దూరం నుంచి ఉరికొచ్చి తలుపును గుద్దే వీలు లేకుండా అట్లా కట్టారు. ఈ ముక్క చెప్పానో లేదో, ఒకడు ఏనుగైపోతాడు, మిగతావాళ్లు తలుపులవుతారు. నా పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆగినా నష్టం లేదు, కోట కట్టిన మనిషి చెప్పాలనుకున్నదీ అదే.

లోపల ఇప్పటికీ ఊరుంది. ఇళ్లు, పొలాలు, వాటి నడుమ స్వయంభూ శివాలయం శిథిలాలు. 1323లో ఉలుగ్‌ఖాన్ సైన్యం చేతిలో ప్రతాపరుద్రుడు ఓడిపోయాక గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మాత్రం నిలబడ్డాయి. "తలుపులేవి తాతా?" అని అడిగారు ఒకసారి. తోరణానికి తలుపులుండవని చెప్పేలోపే ఇంకొకడు, ఆఫీసు బోర్డుల మీది రాజముద్రలో ఉన్నది ఇదేనని కనిపెట్టేశాడు. ఎండ ముదిరితే పక్కనే ఖుష్ మహల్. ఏటవాలు గోడల ఆ హాలులో కాసేపు నీడపట్టున కూర్చోవచ్చు.

ఆ తర్వాత ఏకశిల గుట్ట. ఓరుగల్లు అన్న పేరే ఈ ఒంటిరాయి నుంచి వచ్చిందంటారు. మెట్లున్నాయి, చిన్నపిల్లలూ ఎక్కగలరు. పైనుంచి చూస్తే పొద్దున తొక్కిన మట్టిదిబ్బ గుండ్రంగా ఊరిని చుట్టుకుని ఉంటుంది. కోట ఎంతదో అప్పుడు తెలుస్తుంది. అందుకే మట్టికోట ముందు, గుట్ట తర్వాత.

వేయి స్తంభాల గుడికి సాయంత్రం పోతే చాలు. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఏళ్ల తరబడి విప్పిపెట్టిన కల్యాణమండపం 2024లో మళ్లీ తెరిచారు. పిల్లలు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నున్నటి నల్లరాతి నంది దగ్గర లెక్క తప్పుతారు. మనం సరిదిద్దకపోవడమే మంచిది. ఓపికుంటే భద్రకాళి చెరువుకట్ట, చేతిలో కాల్చిన మక్కకంకి.

రామప్పను మాత్రం ఇదే రోజు ఇరికించకండి. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టిన 1213 నాటి ఆ గుడికి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి జనం పెరిగారు. సర్వపిండి మూటగట్టుకుని తెల్లవారే బయలుదేరాలి.