లాంగ్ సోన్ బతుకుదెరువు: రైలా, రోడ్డా?

చైనా సరిహద్దుకు ఆనుకుని ఉన్న వియత్నాం ప్రావిన్సు లాంగ్ సోన్. దాని ముఖ్యపట్టణం పేరూ అదే. ఊరికి ఉత్తరాన సుమారు 14 కి.మీ. దూరంలో డోంగ్ డాంగ్ స్టేషన్ ఉంది. అది దాటితే కొద్ది దూరంలోనే సరిహద్దు. ఈ ఊరిని నిలబెట్టింది రైలేనని అనుకోవడం తేలిక. ఆధారాలు మాత్రం అంత సూటిగా ఆ మాట చెప్పవు.

కీ కుంగ్ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న కీ లువా సంత 17వ శతాబ్దం నాటిది. దాన్ని వృద్ధి చేసిన అధికారి థాన్ కోంగ్ తాయ్‌కి అక్కడ గుడి కట్టి నేటికీ ఉత్సవం జరుపుతారు. అంటే రైలు రావడానికి రెండు వందల ఏళ్ల ముందే ఇక్కడ క్రయవిక్రయాలు సాగాయి. సంత రైలు కోసం పుట్టలేదు. రైలూ సంత కోసం వచ్చినట్టు లేదు. 1885 మార్చిలో ఫ్రెంచి సేన ఈ ఊరు వదిలి వెనక్కి మళ్లడంతో పారిస్‌లో జూల్ ఫెర్రీ ప్రభుత్వమే కూలిపోయింది. ఆ ఎదురుదెబ్బ నేపథ్యంలో చూస్తే, 1890లో మొదలై 1894లో పూర్తయిన 60 సెం.మీ. గేజి లైను తొలి అవసరం సరిహద్దు దండుకు సరఫరాలని భావించడం సమంజసం. తర్వాత దాన్ని మీటర్ గేజికి మార్చి హనోయితో కలిపారు.

ఇప్పుడు డోంగ్ డాంగ్ నుంచి హనోయి శివారు వరకు ఒకే స్లీపరు మీద మూడు పట్టాలు కనిపిస్తాయి. ఒక అంచు పట్టా అన్ని బళ్లకూ ఉమ్మడి. దానికి మీటరు దూరంలోని పట్టా వియత్నాం బళ్లది. ఇంకో 435 మి.మీ. అవతలిది చైనా స్టాండర్డ్ గేజి బళ్లది.

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 1979 తర్వాతి కాలానిది. ఆ ఏడాది ఫిబ్రవరి 17న చైనాతో మొదలైన యుద్ధంలో పట్టణం చాలా మేర ధ్వంసమైంది, సరిహద్దు దాటే రైళ్లు ఆగిపోయాయి. అవి మళ్లీ కదిలింది 1996 ఫిబ్రవరిలో. సరిహద్దు వ్యాపారం అంతవరకు ఆగలేదు. 1980ల చివరికే కొండదారుల్లో మూటలు నడిచాయి. 1991లో రెండు దేశాల సంబంధాలు కుదుటపడ్డాక అది ఇంకా పెరిగింది. ఊరు తేరుకోవడంలో మొదటి పాత్ర మోతకూలీలదీ లారీలదీ అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ మనుషుల ఊసు రైల్వే చరిత్రల్లో తక్కువ కావడం బాధాకరం.

అలాగని రైలును తీసిపారేయలేం. అమెరికాతో యుద్ధకాలంలో చైనా, సోవియట్ సాయం ఈ లైను మీదుగానూ వచ్చింది. కానీ ఆ సరుకు గమ్యం లాంగ్ సోన్ కాదు. 2020 ఫిబ్రవరిలో ఆగిన, చైనాలోని నానింగ్‌కు వెళ్లే ప్రయాణికుల రైలు 2025 మేలో తిరిగి మొదలైంది. ఈ మధ్యలోనే, 2021 డిసెంబరులో, సరిహద్దు గేట్ల ముందు పండ్ల లారీలు వేల సంఖ్యలో నిలిచిపోయాయి. ఊరి బతుకు ఏ దారి మీద ఎంత ఆధారపడిందో ఆ బారులే చూపాయి. హనోయి–డోంగ్ డాంగ్ మధ్య కొత్త స్టాండర్డ్ గేజి లైను ఆలోచనలో ఉంది. దాని లాభనష్టాల లెక్కలో దాటిపోయే టన్నులనూ లాంగ్ సోన్‌లో దిగే టన్నులనూ విడివిడిగా చూపాలి.